పెద్దగొడుగు - చిట్టిగొడుగు

మృగశిర కార్తె ప్రవేశించి, నాలుగు చినుకులు పడి, ఆకాశము రెండుమారులు గర్జించిన యెడల మా సీమలో ఆబాలగోపాలము చూపులును నేలమీదికి మరలును. ఏడాదిలో పెక్కునెలలు ఎండి బీటలువారియుండు చేలగట్లమీదను, తుమ్మచెట్ల నీడలను, గుట్టల దిగువనున్న చిట్టడవిలోను, రాత్రికి రాత్రి తెల్లని గొడుగులు లేచి నిలుచును. మేఘగర్జనము భూమిని శిలీంధ్రములతో సఫలము చేయునని కాళిదాసమహాకవి మేఘసందేశమున వర్ణించినాడు. మా యూరి పిల్లలు కాళిదాసును చదువలేదు. అయినను ఉరుము వినబడినంతనే బుట్టలు చేతబట్టుకొని పుట్టలవైపు పరుగెత్తుదురు. కవి కన్నది, పసివాండ్రు కన్నది ఒక్కటే.

మా తుమ్మలపల్లె కడపజిల్లాలో పులివెందుల దాపున, వేముల మండలమునందున్నది. 2012 సంవత్సరమున యురేనియపు గని ప్రారంభమైన పిదప మా గ్రామము పేరు దేశమంతట వినబడుచున్నది. ఆ పెద్దసంగతులను పెద్దలు చర్చింతురు. మేము మాత్రము వానకాలమున వంటయింటికి వచ్చు నొక చిన్నసంగతిని మీతో ముచ్చటింపదలచితిమి. సంగతి చిన్నదే కాని, అందు పొరపాటు జరిగినచో ప్రాణములమీదికి వచ్చును. ఆ పొరపాటు ఒకప్పుడు మా నోటినుండియే వెడలినది గనుక, దానిని దాచక ముందుగా చెప్పుకొనుట మాకు ధర్మము.

మావారు బడిపంతులు. మేము చిన్ననాట తండ్రిగారియొద్ద కావ్యములును, కొంత నిఘంటువును చదువుకొన్నవారము. మా యింట పుట్టగొడుగులు తినెడి యాచారము లేదు. మనుస్మృతిలో వెల్లుల్లి, ఉల్లితోపాటు కవకములను, అనగా పుట్టగొడుగులను, ద్విజులకు నిషేధించియున్నారు. ఉల్లి మా వంటయింట ఎన్నడో ప్రవేశించినను, పుట్టగొడుగు మాత్రము గడప దాటలేదు. కొన్నియేండ్ల క్రిందట ఒక శ్రావణమాసపు సాయంకాలమున పొరుగింటి యిల్లాలు కొంగునిండ తెల్లని గొడుగులు తెచ్చి, "ఐవారమ్మా, మా అత్త ఊర్లో లేదు. ఇవి మంచివేనా? మీరు చదువుకున్నోళ్లు కదా, చూసి చెప్పండి" అని యడిగెను. ఆమె వానిని పుట్టమీద గాక, పేడదిబ్బ ప్రక్కనున్న గడ్డిలో ఏరుకొని వచ్చినది. మేము చూచితిమి. గొడుగు తెల్లగా నున్నది, నిండుగా నున్నది, కాడకు ఉంగరమున్నది. ఛత్రాకమునకు నిఘంటువులో నెన్ని పర్యాయపదములు గలవో యన్నియు మాకు స్ఫురించినవి. "మంచివే యమ్మా" యని చెప్పితిమి.

ఆ రాత్రి రెండుజాములు గడవకముందే ఆ యింట నేడ్పులు వినబడినవి. తల్లికి, ఇద్దరు బిడ్డలకు వాంతులు, విరేచనములు. చిన్నపిల్ల కన్నులు లోనికి పోయినవి. మావారును, ఆ యింటి యజమానుడును వారిని ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి గొనిపోయిరి. సెలైనులు ఎక్కించి, రెండుదినములు కనిపెట్టి చూచి, వైద్యులు వారిని క్షేమముగా ఇంటికి పంపిరి. దైవము మేలుచేసెను. కాని ఆ రెండుదినములు మాకు అన్నము సహింపలేదు. తినని మేము మంచివని చెప్పితిమి, మమ్ము నమ్మి తిన్నవారు బాధపడిరి. శాస్త్రనిషేధము తినుటకే కాని, తెలిసికొనుటకు నిషేధము లేదు గదా!

మూడవనాడు ఊరినుండి మరలివచ్చిన వారి అవ్వ మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండెను. నిందించునేమో యని మేము తలవంచుకొంటిమి. ఆమె నిందింపలేదు. "వేరు చూడకుండానే మంచివంటిరే ఐవారమ్మా! పుట్టింది యాడనో చూడకుండా గొడుగునే చూస్తే ఏం తెలుస్తాది?" అని మాత్రము అనెను. మరునాటి యుదయమున మమ్ము వెంటబెట్టుకొని గుట్టప్రక్కనున్న చెదపుట్టలయొద్దకు తీసికొనిపోయినది. ఆమె చూపిన దానికి పిదప గ్రంథములలో మేము చదివికొన్న దానిని జతచేసి మీముం దుంచుచున్నాము.

ఆనాడు అవ్వ మాకు రెండుజాతుల గొడుగులను చూపినది. ఒకటి పుట్టను చీల్చుకొని పైకి వచ్చినది, అరచేయియంత వెడల్పుగలది. రెండవది పుట్టప్రక్కను నేలమీద వరిపిండి చల్లినట్లు వందలకొలది పొడమినది, ఒక్కొక్కటి రూపాయిబిళ్లకు మించనిది. ఈ వ్యాసమున మేము మొదటిదానిని పెద్దగొడుగనియు, రెండవదానిని చిట్టిగొడుగనియు వ్యవహరింతుము. చూచువారికి వీనికి చుట్టరికమున్నదని తోచనే తోచదు. ఒకటి ఏనుగు, మరియొకటి ఎలుక. అయినను శాస్త్రజ్ఞులు వీనిని ఒకే ప్రజాతికి చెందిన అక్కచెల్లెండ్రని నిర్ణయించినారు.

ఆ ప్రజాతిపేరు టెర్మిటోమైసిస్. చెదపురుగు శిలీంధ్రమని దాని భావము. రోజర్ హీమ్ అను ఫ్రెంచిశాస్త్రజ్ఞుడు 1942లో ఈ పేరు పెట్టెను. మన పెద్దగొడుగును దక్షిణదేశమున పరిశీలించి, కె. నటరాజను అను శాస్త్రజ్ఞుడు 1979లో ఆ హీమ్‌గారి గౌరవార్థము 'టెర్మిటోమైసిస్ హీమై' యని నామకరణము చేసెను. చిట్టిగొడుగు అంతకు చాల పూర్వమే లోకమునకు తెలిసినది. సింహళద్వీపమున దొరకిన దానిని బర్క్‌లీ, బ్రూమ్ అను ఆంగ్లేయు లిరువురు 1871లో వర్ణించిరి. 'మైక్రోకార్పస్' అను దాని పేరునకు చిన్నఫలము గలదని యర్థము. ఈ కుటుంబమున పొట్టిపొడుగుల భేద మెంతయో వినిన మీరు విస్తుపోవుదురు. ఆఫ్రికాఖండమునందలి జాంబియాదేశమున వీని తోబుట్టువు మరియొకటి గలదు. దాని గొడుగు ఒక్కొక్కప్పుడు ఒక మీటరు వెడల్పున విప్పారును. ఒకే యింట రూపాయిబిళ్ల యంతటి కూతురును, బండిచక్రమంతటి కూతురును పుట్టినట్లున్నది.

ఈ యక్కచెల్లెండ్రను గూర్చి తెలిసికొనవలెనన్న, ముందు వారి పుట్టినిల్లయిన పుట్టను తెలిసికొనవలెను. చీమలు పెట్టిన పుట్ట పాములపాలగునని మనవారందురు. నిజమునకు పుట్టను పెట్టునవి చీమలు గావు, చెదపురుగులు. తెల్లచీమలని పిలుచుటవలన నీ భ్రాంతి కలిగినది. చీమకు తేనెటీగయు కందిరీగయు చుట్టములు, చెదపురుగునకు బొద్దింక చుట్టము. చూపునకు చీమవలె నున్నంతమాత్రమున చెద చీమ కానేరదు. ఈ మాటను మరువవలదు, మరల దీనితో పనిపడును.

మన ప్రాంతపు పెద్దపుట్టలను కట్టు చెదపురుగులు కృషీవలులు. అవి ఎండుటాకులను, పుల్లలను, చచ్చిన మ్రాకులను కొరికి తెచ్చి మ్రింగును. మ్రానునందలి గట్టిపదార్థమును చక్కగ జీర్ణింపజేసికొనుటకు వాని కడుపు చాలదు. అందుచేత ఆ మేతను విసర్జించి, దానితో పుట్టగర్భమున తేనెపట్టువంటి మెత్తని దిమ్మలను కట్టును. శిలీంధ్రపు సిద్ధబీజములు మేతతో కలిసి వాని కడుపులోనుండియే ఆ దిమ్మను చేరును. చీకటిలో, వెచ్చదనములో, చెమ్మలో దిమ్మనిండ తెల్లని బూజుతీగెలు అల్లుకొని, ఆవగింజలవంటి తెల్లని ముద్దలు కట్టును. బూజు ఆ గట్టిపదార్థమును విడగొట్టి మెత్తపరచును, చెదలు ఆ ముద్దలను, పండిన దిమ్మను భుజించును. చెదలు లేనిదే శిలీంధ్రమునకు ఇల్లు లేదు, శిలీంధ్రము లేనిదే చెదలకు కూడు లేదు. ఈ సేద్యము ఆఫ్రికాఖండపు వర్షారణ్యములలో సుమారు 3 కోట్ల సంవత్సరములకు పూర్వము ప్రారంభమైనదని పండితులు లెక్కగట్టినారు. మానవుడు నాగలి పట్టుటకు ఎంత పూర్వమో యోచింపుడు! ఈ దిమ్మలను గూర్చి మొదట వ్రాసిన వారిలో నొకడైన కోనిగ్ అను వైద్యుడు మన దక్షిణదేశమునందే, తంజావూరు ప్రాంతమున పుట్టలను పరిశీలించి 1779లో ఆ సంగతులను ప్రకటించెను.

వానలు కురిసి నేల నానినప్పుడు ఆ బూజు సంతానము కొఱకు పైకి గొడుగు నెత్తును. అక్కచెల్లెండ్రకు భేద మిచటనే యున్నది.

పెద్దగొడుగు పుట్టగర్భమునందలి దిమ్మనుండియే బయలుదేరును. దిమ్మ లోతున నుండుటచేత అది మట్టిని చొచ్చుకొని పైకి రావలెను. అందులకై దాని తలమీద గట్టి మొనయొకటి యుండును, నేలను చీల్చుట కదియే గునపము. గొడుగు విప్పారిన తరువాతను నడుమ బుడిపెవలె ఆ మొన కనబడుచుండును. తల తెల్లగా నుండి, నడుమ కొంచెము బూడిదచాయ తేరును. కాడకు గట్టి యుంగరముండును. అన్నిటికంటె ముఖ్యమైన గురుతు కాడయడుగున దిగిన పొడవైన వేరు. అది మట్టిలోపలికి సన్నగిలుచు పోయి దిమ్మను తాకును. ఒక్కొక్కప్పుడు అడుగుకు పైగా లోతునకు దిగును. బొడ్డుత్రాడు తల్లిని అంటియున్నట్లు ఆ వేరు పుట్టింటిని అంటియుండును.

చిట్టిగొడుగున కట్టి వేరు లేదు. అది యట్లు ప్రయాసపడి పైకి రానక్కరలేదు. వానకాలమున చెదపురుగులు లోపలి దిమ్మముక్కలను తామే మోసికొనివచ్చి పుట్టచెంతను నేలమీద పలుచగా పరచును. ఆ ముక్కలనుండి చిట్టిగొడుగులు వందలకొలది ఒక్కమారు లేచును. తల వ్రేలిగోరంత మొదలు రూపాయిబిళ్లయంత వరకు నుండును. నడుమ చిన్నమొన యుండును. విప్పారినపుడు అంచులు చీలుచుండును. కాడకు ఉంగరముండదు. ఒక్కటొక్కటిగ కోయుటకు వీలుగాక మా యూరి పిల్లలు రెండుచేతుల దోసిటితో ఎత్తి బుట్టలో వేసికొందురు.

ఆకారమున నింత భేద మున్నను, వంశలక్షణము లిరువురకును సమానములే. రెంటికిని పుట్టినిల్లు చెదపుట్టయే. రెంటి తలక్రింది రేకులును మొదట తెల్లనివై, పండినకొలది లేత గులాబివన్నె తేరును. ఆ రేకులనుండి రాలు సిద్ధబీజములును గులాబివన్నెవే.

ఇక మేము మోసపోయిన గొడుగు సంగతి చెప్పెదము. అది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అను జాతికి చెందినదని వైద్యులు చెప్పిన గురుతులనుబట్టి పిదప తెలిసికొంటిమి. అది పెద్దగొడుగువలెనే తెల్లనిది, నిండైనది, ఉంగరము గలది. పెద్దగొడుగు ప్రక్కను చిట్టిగొడుగు నుంచినచో ఎవ్వరును తోబుట్టువులనరు. ఈ మోసపుగొడుగును ప్రక్కనుంచినచో ఎల్లరును కవలలందురు. కాని దీనికిని వానికిని చుట్టరికమే లేదు. చెద చీమ కానట్లే యిదియు పుట్టగొడుగు కాదు. రూపసామ్యము వేరు, బాంధవ్యము వేరు.

దీని గురుతులను సోదరీమణులు శ్రద్ధగా గమనింపగోరెదము. ఇది పుట్టమీద మొలవదు. గడ్డిలోను, పచ్చికబీళ్లలోను, ఎరువు కలిసిన నేలమీదను, ఒక్కొక్కప్పుడు గుండ్రముగా వలయము దీర్చినట్లు మొలచును. తలమీద గోధుమవన్నె పొలుసులుండును. నడుమ పొలుసులు దట్టముగ నుండును. కాడయడుగున ఉబ్బు ఉండును గాని దిగువకు పోవు వేరుండదు. రేకులు లేతతనమున తెల్లగా నుండి, ముదిరినకొలది ఆకుపచ్చచాయ తిరుగును. రాలు సిద్ధబీజములును ఆకుపచ్చనివే. లేతగొడుగును కోసినవారికి ఈ పచ్చదనము కానరాదు. మాకు కనబడకపోవుటకు నదియే కారణము. తిన్న ఒకటి రెండు మూడు గంటలలోపల వాంతులు, కడుపునొప్పి, విరేచనములు పట్టుకొనును. పెద్దలు తరచుగా తేరుకొందురు గాని, పసిబిడ్డలకు శరీరమునందలి నీరు తరిగి అపాయము కలుగును.

ఇంతకంటె భయంకరమైనవి మరికొన్ని గలవు. అమానిటా ప్రజాతిలో కొన్నిటను, చిట్టిగొడుగంతటి చిన్నచిన్న లెపియోటాలలో కొన్నిటను అమటాక్సిన్ అను విషముండును. దాని మాయ యేమనగా, తిన్నవెంటనే యేమియు కాదు. ఆరుగంటలు, పండ్రెండుగంటలు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు గడచిన తరువాత వాంతులు, విరేచనములు మొదలగును. ఒకదినమునకు తగ్గినట్లు తోచును. ఇంటివారు గండము గడచినదని సంతోషింతురు. ఆ లోపల విషము కాలేయమును తినివేయుచుండును. మూడు నాలుగు దినములకు ఆ సంగతి బయటపడును. ఎంతసేపు ఉడికించినను ఈ విషము పోదు. 2022 ఏప్రిలు నెలలో అస్సాము రాష్ట్రమున విషపుగొడుగులు తిని 13 మంది మరణించిరి. ఆయింటి యిల్లాండ్రును మనవలెనే బిడ్డలకు కమ్మగా వండిపెట్టినవారే గదా!

కాబట్టి మన యిండ్లలో వాడుకలోనున్న కొన్ని పరీక్షలను గూర్చి స్పష్టముగా చెప్పవలసియున్నది. వెండిగరిటె నల్లబడకున్న మంచివందురు. వెల్లుల్లిరెబ్బ రంగు మారకున్న మంచివందురు. పసుపునీట వేసి చూతురు. పురుగులు తిన్నవి మనుష్యులకు హానిచేయవందురు. ఇవి యన్నియు నమ్మరానివి. వెండిని నల్లబరచునది గంధకము గాని ఈ విషము గాదు. పురుగు కడుపు వేరు, మన కడుపు వేరు. ఈ దినములలో చేతిఫోనుతో బొమ్మతీసి, దానినే పేరడిగి తెలిసికొను వాడుక వచ్చినది. బొమ్మకు పైరూపమే కాని మట్టిలోని వేరు కానరాదు. మేము చేసిన పొరపాటునే ఆ యంత్రమును చేయవచ్చును.

మరి నమ్మదగిన పరీక్ష యేది? అవ్వ నేర్పినది మొదటిది. గొడుగును పైన తుంచక, చుట్టునున్న మట్టిని పుల్లతో మెల్లగా తవ్వి, అడుగువరకు చూడవలెను. పుట్టమీద పుట్టినదా, పెద్దగొడుగైనచో వేరు లోపలికి దిగినదా, చిట్టిగొడుగైనచో పుట్టచెంతనున్న దిమ్మతునుకలమీద లేచినదా యని పరికింపవలెను. పుట్టరంధ్రములలో చేయి పెట్టరాదు, విడిచిన పుట్టలలో పాములుండును.

రెండవది మేము గ్రంథములవలన నేర్చినది, ఇంటనే చేయదగినది. విప్పారిన గొడుగుతలను కాడవరకు కోసి, రేకులు క్రిందికి వచ్చునట్లు తెల్లకాగితముమీద నుంచి, పైన గిన్నె బోర్లించి రాత్రియంతయు కదపక యుంచవలెను. తెల్లవారి తీసిచూచిన, కాగితముమీద రేకుల ముద్ర సన్నని పొడితో ముగ్గువేసినట్లుండును. ముద్ర ఆకుపచ్చనైనచో అది మోసపుగొడుగు, వెంటనే పారవేయవలెను. తెల్లనైనచో అమానిటావంటి వానిని శంకింపవలెను. గులాబివన్నెయైనచో పుట్టగొడుగు కావచ్చును. కావచ్చును అంటిమేకాని అగునని యనలేదు. గులాబివన్నె బీజములు గల ఎంటోలోమా అను మరియొక ప్రజాతిలో విషపువియు గలవు. కావున పుట్ట, వేరు, మొన, ఉంగరము, ముద్ర యనునవి యన్నియు ఒకటితో నొకటి సరిపడినప్పుడు, ఆ జాతిని ఏండ్లతరబడి ఎరిగిన పెద్దలు ఔనన్నప్పుడు మాత్రమే పొయ్యిమీదికి ఎక్కింపవలెను. ఏ యొక్కటి తప్పినను తినరాదు. ఇంటనున్న ఒక్క గొడుగును పరీక్షించి బుట్టనంతను నమ్మరాదు. మంచివానిలో నొక్క చెడ్డది కలిసి యుండవచ్చును.

ఒకవేళ పొరపాటు జరిగినచో, ఇంటివైద్యములతో కాలము పుచ్చక 108 బండిని పిలిచి ఆసుపత్రికి పోవలెను. వండగా మిగిలిన గొడుగును గాని, తరిగిపారవేసిన తునుకను గాని కాగితమున చుట్టి వెంట గొనిపోవలెను. తిన్న వేళను, బాధ మొదలైన వేళను వైద్యునకు చెప్పవలెను. ఆలస్యముగా మొదలైన బాధయే ఎక్కువ ప్రమాదకరమని మరువరాదు. తగ్గినట్లు తోచినను వైద్యుడు పొమ్మనువరకు ఇంటికి రారాదు.

ఇంత భయపెట్టిన తరువాత వంటమాట చెప్పుట విడ్డూరముగా నుండును. కాని భయపెట్టుటయే మా యుద్దేశము కాదు. పుట్టగొడుగు సీమబీదలకు వానదేవుడిచ్చు విందు. అందు నీటిపాలే యెక్కువయైనను, ఎండినదాని బరువున మాంసకృత్తుల పాలు చాల మెచ్చదగినది. అవ్వ వండు విధము ఆమె చెప్పగా వింటిమి. పెద్దగొడుగు వేరుకొనలోని మట్టిని గీకి, నీట కడిగి, చేతితో చీలికలుగా చీల్చును. చిట్టిగొడుగులను మాత్రము నాలుగైదునీళ్లు మార్చి, ఇసుక యడుగున దిగువరకు కడిగి పైపైన దేవుకొనును. ఉల్లిపాయలు, ఎండుమిరప, ధనియాలపొడి వేసి, గొడుగు విడిచిన నీరు ఇగురువరకు బాగుగ ఉడికించి, రాగిసంగటిలోనికి వడ్డించును. మొదటిమారు తినువారికి కొంచెమే పెట్టునట. బాట ప్రక్కను, పురుగుమందులు చల్లు చేలలోను, గనులు, కర్మాగారముల చెంతను మొలచినవానిని ఏరరాదు. శిలీంధ్రములు నేలలోని లోహములను పీల్చుకొను స్వభావము గలవి.

అడవి నెరుగని పట్టణపు సోదరీమణులకు ఏరుకొను సాహసమే వలదని మా మనవి. పెంచిన గొడుగులు అంగళ్లలో దొరకుచున్నవి. వంగదేశమున దొరకి 1974లో శాస్త్రలోకమునకు తెలిసిన పాలపుట్టగొడుగు మన యెండలకు తాళునది. వరిగడ్డితో ఇంటియందే పెంచుకొనవచ్చును. మన అక్కచెల్లెండ్రను మాత్రము అంగడికి సరిపడునట్లు ఇంతవరకు ఎవ్వరును పెంచలేకపోయిరి. చెదపురుగు చేయు సేద్యమును మానవుడు ఇంకను చేయలేకున్నాడు. అందుచేతనే పుట్టను చెరుపక, గునపముతో పెకలింపక, కొన్ని గొడుగులను అట్లే విడిచి రావలెను. నాగులచవితినాడు పాలుపోసి మ్రొక్కెడి పుట్టను వానకాలమున పడగొట్టుట తగునా? వల్మీకమునుండి ఆదికవి వెలువడెనని చెప్పుకొను దేశము మనది. ఆ వల్మీకమే ఏటేట మనకు గొడుగులను పట్టుచున్నది.

ఆనాడు తిరిగివచ్చుచు అవ్వ మా చేతిలో నొక పెద్దగొడుగును, చారెడు చిట్టిగొడుగులను పెట్టినది. మేము తినమని ఎరుగును గనుక, "ఇంట్లో పెట్టుకోండి, ఎవురన్నా అడిగితే చూపిచ్చండి" అని చెప్పెను. వానిని ఎండబెట్టి, ప్రక్కను ముద్రపడిన కాగితము లుంచి, మావారు బడిలో పిల్లలకు చూపుచున్నారు. ఆ కాగితములలో నొకటి గులాబివన్నెది, ఒకటి ఆకుపచ్చనిది. ఆనాడు కన్నులు లోనికిపోయిన చిన్నపిల్ల యిప్పు డా బడిలోనే చదువుచున్నది. ఉరుము వినబడినప్పుడు ఆ పిల్ల బుట్టతోపాటు తవ్వుటకు పుల్లనుగూడ తీసికొనిపోవుచున్నది. మాకు అంతకంటె ఊరట యేమున్నది?